పూచీ ఎవురు?

"పూచీ ఎవురప్పా?"

మెట్లెక్కి వచ్చిన మనిషి చెప్పులన్నా విడవకముందే లోకేశ్వరి అడిగేసింది. వానకు తడిసిన చొక్కా అంచు పిండుకుంటూ అతను బిత్తరపోయి చూశాడు.

"కోలాటం నేర్చుకుందామని వస్తి. పూచీ ఏంది? నేనేమన్నా జైల్లోంచి వచ్చినానా?"

లోపల అందరూ గొల్లున నవ్వారు. లోకేశ్వరి మాత్రం నవ్వలేదు.

పుత్తూరులో టైర్ల షాపు మీది హాల్లో, ఆదివారం సాయంత్రాలు రుక్మిణమ్మ టీచరు నేర్పే కోలాటానికి ఆడా మగా కలిసే వస్తారు. అందుకే ఆమె కట్టుబాట్లు గట్టివి. కొత్తవాళ్లకు లోపలివాళ్లు ఒకరు పూచీ ఉండాలి. వచ్చినవాడు తప్పు చేస్తే, పూచీ ఉన్నవాళ్లూ వాడి వెనకే మెట్లు దిగాలి. ఇక ఆటలో ఎవరితో జత కట్టాలన్నా వాళ్ల ముందు కోలను నేలకు తట్టి ఆగాలి. ఎదుటివాళ్లు కోలకు కోల తగిలిస్తే సరేనని. దించితే వద్దని. ఎందుకని అడక్కుండా పక్కకు జరిగిపోవాల్సిందే.

పోయిన ఏడు లోకేశ్వరి తన మేనత్త కొడుకు రూపేష్‌కు పూచీ ఉంది. నవీన అనే డిగ్రీ పిల్ల కోల దించినా వాడు "ఏం, సిగ్గా?" అంటూ మణికట్టు పట్టుకున్నాడు. టీచరు వాణ్ని అప్పటికప్పుడే పంపించేసింది. నవీన మళ్లీ రాలేదు. లోకేశ్వరిని మాత్రం టీచరు ఆ ఒక్కసారికి ఉండనిచ్చింది. ఇంకోసారి మనిషిని తప్పుగా అంచనా వేసిందా, ఈ హాలూ ఈ ఆటా ఆమెకు లేనట్టే. వారమంతా ట్యూషన్ పిల్లలతో గొంతు చించుకుని, ఆదివారం కోసమే బతికే మనిషికి అది చిన్న సంగతి కాదు.

"పూచీ లేకుంటే గోడ పక్కన కూర్చోని సూడు. ఆటలోకి రాకూడదు."

"సూస్తా" అన్నాడతను, అదే కావాలన్నట్టు.

పేరు మునిశేఖర్. ఏర్పేడులో మోటార్ల రిపేరు షాపు. అంతకు మించి నోరు విప్పలేదు. వారం తప్పకుండా వచ్చాడు. కొత్తవాళ్లు ఎవరైనా అడుగులు పట్టుకోవడానికి కాళ్లకేసి చూస్తారు. ఇతను చేతులకేసి చూశాడు. ఎవరు కోల దించారు, దించాక అవతలివాడి మొహం ఎట్లా మారింది, అన్నీ గమనించాడు.

"ఒమే లోకా" అంటూ ఒకరోజు ఆటలో తోటివాడు ధనంజయ గుసగుసలాడాడు. "ఈ తలుపుకు లోపల గడియ ఉండాదా, ఎవురు వేస్తారు అని అడగతా ఉండాడు. సిఐడి యేమో మే!"

"సిఐడీ లేదు, గాడిద గుడ్డూ లేదు. ఏందో ఉండాది. నేను కనిపెడతా."

కనిపెట్టడానికి చూడాలి గదా. చూసింది. పైకప్పు కారే చోట ఎవరూ చెప్పకుండానే బకెట్ తెచ్చి పెట్టడం చూసింది. ఆమె ఆడుతున్నప్పుడు అతని వేళ్లు మోకాలి మీద తాళం వేయడం చూసింది. కాపలా కాసేటప్పుడు గుండె ఇట్లా కొట్టుకోవడమేమిటని తనమీద తనకే అనుమానం వచ్చింది.

ఆ శనివారం బస్టాండు టీ అంగడి దగ్గర అతను రూపేష్‌తో మాట్లాడుతూ కనబడ్డాడు.

మరునాడు మెట్ల మీదే అడ్డం నిలబడింది.

"రూపేష్ పంపించినాడా నిన్ను? వాడికి ఈడ ఇంకా ఏం కావాలంట?"

"నేనే పొయ్యి అడిగినా. ఆ దినం ఏం జరిగిందని. 'ఊరికే చెయ్యి పట్టుకుంటి' అన్నాడు. ఊరికేనంట!"

"నీకెందుకు ఆ సంగతి? ఎన్ని ఆదివారాలు కూర్చున్నా నేను నీకు పూచీ ఉండను, పో."

మునిశేఖర్ మెల్లగా నవ్వాడు. "నాకు మీ పూచీ కావాలని వస్తినా? మీకు నేను పూచీ ఉండచ్చునా అని సూసేకి వస్తి."

"మాకా?"

"నవీన నా చెల్లెలు. ఆదివారం వస్తే కోలలు తీసి తుడిచి, మళ్లా గూట్లో పెడతాది. 'అన్నా, పోవచ్చునా?' అంటాది. సూడకుండా పొమ్మని యెట్లా చెప్పేది?"

లోకేశ్వరి ఒక మెట్టు కిందికి దిగింది. కోపం మాత్రం దిగలేదు.

"అడక్కుండా చెయ్యి పట్టుకునేది తప్పే. మరి చెప్పకుండా ఇన్నాళ్లు మమ్మల్ని పరీక్ష పెట్టినావే, అదో?"

అతని నవ్వు ఆగిపోయింది. "అదీ తప్పే" అని మెట్లు దిగి వెళ్లిపోయాడు.

వారమంతా ఆమెకు అన్నం సయించలేదు.

ఆదివారం గడప బయట అన్నాచెల్లెళ్లిద్దరూ నిలబడి ఉన్నారు. నవీన చేతిలో మెరిసే కోలలు.

"పూచీ ఎవురు?" అంది రుక్మిణమ్మ. ఎవరికైనా అదే మాట.

"హాలుకు మా అన్న పూచీ టీచర్" అంది నవీన. "అందుకే నేను వస్తి."

"మీ అన్నకో?"

ధనంజయ పైకప్పు చూశాడు.

"నేనుంటా" అంది లోకేశ్వరి.

ఆట మొదలైంది. మునిశేఖర్ వచ్చి ఆమె ముందు కోలను నేలకు తట్టి ఆగాడు. లోకేశ్వరి అతని కళ్లలోకి చూసి, కావాలనే కోల దించింది. అతను కనుబొమ్మ కూడా ఎగరేయలేదు. చిన్నగా తలూపి పక్కకు జరిగి, ధనంజయతో జత కట్టి, సాయంత్రమంతా తప్పు అడుగులు వేస్తూ వాడి వేళ్లు వాచేలా కొట్టాడు.

ఆట ముగిసేసరికి వాన పట్టుకుంది. మెట్లు దిగి టైర్ల షాపు చూరు కింద నిలబడ్డాడు మునిశేఖర్.

"ఎందుకు దించినావని అడగవా?" వెనకనుంచి లోకేశ్వరి.

"అడక్కూడదు గదా."

"అడుగుతావేమో అని భయపడితి." ఆమె మడిచిన గొడుగు కొనను మెట్టు మీద ఒకసారి తట్టి ఆగింది. "బస్టాండు దాకా నీతో రావచ్చునా?"

మునిశేఖర్ చేతిలో కోల లేదు. జేబులు తడుముకున్నాడు. తన షాపు తాళంచెవి దొరికింది. దాంతో గొడుగు పిడి మీద 'టక్'మనిపించాడు.

పైమెట్టు మీదనుంచి నవీన కేక వేసింది.

"వదినా! మా అన్నకు ఇంక పూచీ నేను!"