రోత పేరు

దెయ్యాలు రాత్రిపూటే వస్తాయని ఎవరు చెప్పారో గానీ, చౌటుప్పల్‌లో మేముండే కిరాయి ఇంటికి అది మధ్యాహ్నం రెండున్నరకు వచ్చేది. ఎండాకాలం. కూలర్ మోత. వీధిలో ఐస్‌క్రీం బండి పాట. దాని సంగతి చెప్పాలంటే ముందు నా పేరు చెప్పాలి. అది చెప్పడం నాకు మొదటినుంచీ ఇష్టం లేదు.

నా పేరు పెంటయ్య.

నవ్వుకోండి, నాకు అలవాటే. మా ఆవిడ నిరోష కడుపుతో ఉన్నప్పుడు పిల్లల పేర్ల వెబ్‌సైట్లు తెగ చూసేది. ఒకరోజు సరదాకి నా పేరు కొట్టింది. 'పెంటా: గ్రీకు పదం, అర్థం అయిదు, ఆదరణ అయిదు నక్షత్రాల్లో సున్నా' అని వచ్చింది. ఆ గ్రీకు అర్థమే నిజమైతే నా బతుకు బాగుపడేది. మా వైపు పెంట అంటే పశువుల పెండ, ఇంటి చెత్త పోసే కుప్ప. పుట్టిన పిల్లలు వరసగా పోతుంటే, ఆ తర్వాత పుట్టిన బిడ్డను ఆ కుప్ప మీద పొర్లిస్తారు. పక్కింటామె చాటలో ఎత్తుకుంటుంది. తల్లి పిడికెడు నూకలిచ్చి తన బిడ్డను తానే కొనుక్కుంటుంది. చావుకు వినగానే రోత పుట్టాలని ఆ పేరు పెడతారు. మా అమ్మ బక్కమ్మకు నాకంటే ముందు ముగ్గురు పుట్టి పోయారు. నేను నాలుగోవాణ్ణి.

మా నాయిన కాలంలో మా ఊళ్లో ఆరుగురు పెంటయ్యలు ఉండేవాళ్లట. మా బడిలో ఇద్దరమే. రెండోవాడు పదో తరగతికి వచ్చేసరికి ప్రశాంత్ అయిపోయాడు. ఇప్పుడు ఏ ఇంట్లోనూ పిల్లలకు ఆ పేరు పెట్టరు. నేను మాత్రం మందుల కంపెనీలో క్వాలిటీ విభాగంలో చేరి, రోజుకు పదిసార్లు చేతులు కడుక్కుంటూ, మెడలో పెంటయ్య అన్న కార్డు వేసుకుని తిరిగాను. క్యాంటీన్‌లో పక్కన కూర్చునేవాళ్లు ముక్కు మూసుకుని నవ్వేవాళ్లు. ముప్పై ఏళ్లు పడ్డాను. నా కూతురి బర్త్ సర్టిఫికెట్‌లో కూడా ఆ పేరు ఉంటుందనే సరికి ఒళ్లు మండింది. అమ్మకు చెప్పకుండా పేపర్లో ప్రకటన ఇచ్చి, గెజెట్ తెప్పించుకుని సుగంధ్ అయ్యాను. కసికొద్దీ ఏరుకున్న పేరు అది.

నిరోషకు తల్లి లేదు. అందుకని కాన్పు అయ్యాక మా ఇంట్లోనే ఉంది. అమ్మ ఊరినుంచి సాయానికి వచ్చింది. వస్తూ వస్తూ వాకిట్లో చల్లడానికని పాలిథీన్ కవరు నిండా పెండ తెచ్చి మంచం కింద పెట్టుకుంది. ఆ కంపుకు నేను రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. పాప పుట్టిన పన్నెండో రోజున నా కొత్త పేరున్న సర్టిఫికెట్ తెచ్చి బీరువాలో దాచాను. ఆ మధ్యాహ్నమే పాప తల మొదటిసారి తడిసింది.

చెమట అనుకున్నాం. మర్నాడు అదే వేళకు మళ్లీ తడిసింది. ఈసారి నేనే చూశాను. ఉయ్యాలలో పాప నిద్రపోతోంది. ఆ కాస్త జుట్టూ తడిసి, ఎవరో దువ్వినట్టు ఎడమవైపుకు నున్నగా అతుక్కుని ఉంది. వేలితో తాకితే జిగురు. వాసన చూశాను. విరిగిన పాల వాసన, దానికింద ఏళ్ల తరబడి కడగని నోటి కంపు. సబ్బుతో మూడుసార్లు కడుక్కున్నా ఆ వాసన వేలిని వదల్లేదు.

అమ్మ వచ్చి ఆ తల చూసి కింద కూలబడింది. నా చెయ్యి పట్టుకుని అడిగింది.

"నీ పేరేమన్న మార్చినవా బిడ్డా?"

అబద్ధం చెప్పబోయి చెప్పలేకపోయాను. సుగంధ్ అన్నాను. అమ్మ ఆ మాటను నోటితో పలకను కూడా పలకలేదు.

"ఆవు దూడను నాకినట్టు నాకుతది. రెండు దినాలు తల. మూడో దినం నోరు. ముగ్గురి నోట్లెకెళ్లి నేనే యేలు పెట్టి జిగురు తీసిన. దారం లెక్క సాగింది. గప్పటికే ఊపిరి లేదు. గా పేరుకు రోసి ఇన్నేండ్లు మన గడప తొక్కలే."

ఆ మాటలకు నాకు భయంకన్నా ముందు అసహ్యం వేసింది. అమ్మ మంచం కిందినుంచి కవరు లాగి, పాపకు ఇది పూసి, పెంటమ్మ అని పేరు పెట్టమంది. నా బిడ్డకు. పదమూడు రోజుల పసిగుడ్డుకు పెండ పూస్తారా అని అరిచాను. ఇన్‌ఫెక్షన్ గురించి క్లాసు పీకాను. కవరు లాక్కుని వెనక గోడ మీదినుంచి మురుగు మోరీలోకి విసిరేశాను. అమ్మ రాత్రంతా పాపను ఒళ్లోనే పెట్టుకుని కూర్చుంది.

మూడోరోజు సెలవు పెట్టాను. అన్నం తిని, నిరోష పడుకున్నాక, ఉయ్యాల పక్కన కుర్చీ వేసుకున్నాను. అమ్మ గుమ్మంలో కూర్చుంది. రెండు దాటాక కరెంటు పోయింది. కూలర్ ఆగింది. ఐస్‌క్రీం బండి పాట ఎక్కడో దూరంగా పోయి ఆగిపోయింది. గదిలో తడి గడ్డి వాసన, దాని వెనకే మెల్లగా విరిగిన పాల వాసన...

పాప కళ్లు తెరిచింది. నా వైపు చూడలేదు. తనకు జానెడు పైన ఉన్న ఖాళీని చూసింది. నవ్వింది.

చప్... చప్...

పాప నుదుటి మీది వెంట్రుకలు లేచాయి. తడిశాయి. మెల్లగా ఎడమవైపుకు పడుకున్నాయి. అక్కడ ఎవరూ లేరు.

పాపను లాక్కున్నాను. నా మణికట్టు మీద ఏదో పాకింది. వెచ్చగా, కాకరకాయలా గరుకుగా. పాకిన దారంతా చిక్కటి తడి.

"పెండ," అంది అమ్మ గుసగుసగా. "పెండ యాడ పడేసినవ్?"

పాపను అమ్మ చేతిలో పెట్టి పరుగెత్తాను. మా కాలనీలో పశువు అన్నదే లేదు. అన్నీ ప్లాట్లు. నేను విసిరిన కవరును కుక్కలు మోరీ పక్కకు లాగి చింపేశాయి. వాడి పారేసిన డైపర్ల మధ్య, నల్లటి బురదలో పెండ కలిసిపోయి ఉంది. చేతులు ముంచాను. వేళ్ల సందుల్లో పురుగులు కదిలాయి. ఏది పెండో ఏది బురదో చూడలేదు. దోసిలి నిండా ఎత్తుకుని వచ్చాను.

పాప నవ్వడం లేదు. పెదాల చివరనుంచి తెల్లటి తీగ ఒకటి సాగుతోంది. కిందికి కాదు. పైకి.

తలకు పూశాను. బుగ్గలకు, మెడకు, ముక్కు వదిలి నోటి చుట్టూ పూశాను.

"తండ్రివి, నువ్వే పిలువాలె," అంది అమ్మ.

చెవిలో నోరు పెట్టాను. పెంటమ్మ. పెంటమ్మ. పెంటమ్మ.

ఓక్...

ఖాళీ గదిలో, ఉయ్యాల పైన, ఎవరో ఓకరించారు. పీకల్లోంచి కక్కు ఎగదన్నినట్టు మళ్లీ ఒకసారి, దూరంగా వాకిట్లో ఇంకోసారి. ఆ తీగ తెగి నా చేతి మీద పడింది. పాప గుక్కపట్టి ఏడ్చింది. నిరోష లేచి, మోరీ బురదలో ముంచినట్టున్న బిడ్డను చూసి కేకపెట్టింది. జరిగింది చెప్పాను. నమ్మిందో లేదో తెలియదు. పాపను కడిగింది గానీ, వారం రోజులు నా చేతి అన్నం తినలేదు.

ఇరవై ఒకటో రోజు తొట్టెల చేసి పాపకు పేరు పెట్టాం. పెంటమ్మ అనగానే చుట్టాలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. నిరోష వాళ్ల ముందు తల ఎత్తుకుని ఆ పేరు మళ్లీ చెప్పింది. సర్టిఫికెట్ మీద కూడా అదే రాయించాం. పాప పాలు తాగుతోంది, బరువు పెరిగింది, తల పొడిగా ఉంటోంది. నాకు అంతకన్నా ఏం కావాలి?

నా పాత పేరు నాకు తిరిగి ఇప్పించమని దరఖాస్తు పెట్టాను. ఆరువారాలు పడుతుందన్నాడు ఆఫీసులో గుమాస్తా. పెంటయ్య కావాలని వచ్చినవాణ్ణి తన సర్వీసులో నన్నొక్కణ్ణే చూశానని నవ్వాడు.

మొన్న మధ్యాహ్నం కుర్చీలో కునుకు పట్టింది. లేచేసరికి తల తడిగా ఉంది. నేను కుడివైపుకు దువ్వుకుంటాను. జుట్టు ఎడమవైపుకు ఉంది. నిన్న మళ్లీ...

ఇవాళ పొద్దున్నే ఊరికి మనిషిని పంపి పెండ తెప్పించాను. తలనుంచి పాదాలదాకా పూసుకున్నాను. అమ్మ నా చెవిలో మూడుసార్లు పెంటయ్యా అని పిలిచింది. ఇద్దరం ఊపిరి బిగబట్టి విన్నాం. గదిలో ఎవరూ ఓకరించలేదు.

"పారేసిన పేరు మళ్ల అతుకదేమో బిడ్డా," అంది అమ్మ. కొంగు నోట్లో కుక్కుకుని బయటికి వెళ్లింది.

రెండున్నర అయింది. కూలర్ ఆగింది. నోరు గట్టిగా మూసుకునే కూర్చున్నాను. నాలుక మీద ఏదో పుల్లగా తగులుతోంది. పొద్దున్నుంచి నేను పాలు ముట్టలేదు.