జిగురు పట్టిన కీబోర్డ్

"మామని వదిలెయ్. ల్యాప్‌టాప్ పగలగొట్టి బయటికొచ్చెయ్. ఇది ఆర్డర్!"

ఇయర్‌పీస్‌లో చీఫ్ అరుపు. ఏజెంట్ పిడుగు పళ్ళు కొరికింది.

"వదలను సార్."

"ఏమన్నావ్?"

"వదలనన్నాను. కావాలంటే రేపు నా ఉద్యోగం పీకేయండి."

మామ ఆమెకి చుట్టమేమీ కాదు. సెక్షన్‌లో అందరికీ పని నేర్పిన సీనియర్ ఏజెంట్, అందుకే అందరికీ మామ. లిఫ్ట్ మెకానిక్ వేషంలో విదేశీ ముఠా ఆఫీసులో దూరి, వాళ్ళ బాంబు ప్లాన్ మొత్తం ఫొటోలు తీశాడు. ఇప్పుడు బేస్‌మెంట్‌లో స్టీల్ గేటు వెనక ఇరుక్కున్నాడు. పైనుంచి ముఠా మనుషులు మెట్లు దిగుతున్నారు. ఎదురు బిల్డింగ్ గదిలో కూర్చున్న పిడుగు కోడ్ కొడితేనే ఆ గేటు తెరుచుకుంటుంది.

కీబోర్డేమో ఈ రోజే మొరాయించాలా! ఏడు ఒక్కసారి నొక్కితే స్క్రీన్ మీద ఏడులు బారులు తీరుతున్నాయి. ఎంటర్ కీ దిగబడితే పైకి లేవనంటోంది. కోడ్ అప్పటికే రెండుసార్లు తప్పింది. ఇంకోసారి తప్పితే గేటు శాశ్వతంగా లాక్.

వేరే కీబోర్డ్ తగిలిద్దామంటే, సెక్యూరిటీ పేరుతో డిపార్ట్‌మెంటే పోర్టులన్నీ సీల్ చేసింది. మౌస్‌తో టైప్ చేసే దారి కూడా మూసేసింది. ఎంత తెలివో మహానుభావులకి!

"ఇంకాస్త స్ప్రే కొట్టి తుడువు డియర్, అదే పోతుంది" అంది నెమలి, అద్దంలో లిప్‌స్టిక్ సరిచేసుకుంటూ. ముఠాలో ఉంటూ మనకి కబుర్లు చేరవేస్తానన్న సుందరి.

స్ప్రే బాటిల్ అందుకున్న పిడుగు చెయ్యి ఆగింది. గది మారే ముందు వేలిముద్రలు తుడిచెయ్యడం సెక్షన్ రూల్. పొద్దున పాత గదిలో ఈ కీబోర్డ్‌ని అలాగే తుడిచింది. ఆ స్ప్రే బాటిల్ అందించింది ఎవరు? ఈ నెమలమ్మే. స్పిరిట్ అయితే ఈపాటికి ఆరిపోవాలి కదా! జిగురెందుకు?

కీ మీద వేలు రాసి నాలిక్కి అంటించుకుంది. తియ్యగా ఉంది.

"చక్కెర పాకం పోశావా, దొంగమొహమా!"

నెమలి చేతిలో లిప్‌స్టిక్ కాస్తా పిస్టల్ అయింది. "లే. చేతులు పైకెత్తు."

పిడుగు ఎత్తింది, బాటిల్‌తో సహా. ఎత్తుతూనే నెమలి కళ్ళలోకి స్ప్రే కొట్టింది. బుల్లెట్ గోడలో దిగింది, నెమలి కిటికీ ఊచకి బేడీలతో వేలాడింది. "నీ మామ చచ్చాడే!" అని కేకలు.

"చావడు. నోర్ముయ్."

ల్యాప్‌టాప్ ఆఫ్. ఛార్జర్ పీకేసింది, బ్యాటరీ లాగేసింది. నెమలి బ్యాగ్‌లోని నెయిల్ ఫైల్‌తో రెండు కీలూ మెల్లగా పైకి లేపింది. కింద పాకం బంకలా సాగుతోంది. ఫస్ట్ ఎయిడ్ బాక్స్‌లో అసలైన స్పిరిట్ ఉంది. దూది మీద చుక్కలు వేసి తుడిచింది. మళ్ళీ తుడిచింది. అదే బ్యాగ్‌లోంచి హెయిర్ డ్రయ్యర్ తీసి చల్లగాలి పట్టింది.

"ఏం చేస్తున్నావ్ పిడుగూ?" చీఫ్ మళ్ళీ అరిచాడు. "వాళ్ళు బేస్‌మెంట్ దాకా వచ్చేశారు!"

"తడి ఆరనివ్వండి సార్. తొందరపడితే మామ ప్రాణం పోతుంది."

కీలు టక్కున కూర్చున్నాయి. బ్యాటరీ పెట్టింది. స్క్రీన్ వెలిగింది. కోడ్ కొట్టింది. ఏడు నొక్కింది. ఒకే ఒక్క ఏడు పడింది! ఎంటర్ నొక్కింది, కీ పైకి లేచింది.

గేటు తెరుచుకుంది, మామ బయటపడగానే ముఠా మొహాల మీదే మళ్ళీ మూసుకుంది.

"ఇంతసేపు ఏం చేస్తున్నావే అమ్మాయ్?" మామ ఇయర్‌పీస్‌లో రొప్పుతూ అడిగాడు. "ఫొటోలు నా దగ్గర భద్రం."

పిడుగు కళ్ళు తుడుచుకుంది. "బంక వదిలిస్తున్నాను మామా."

చీఫ్ గొంతు సవరించుకున్నాడు. "వెల్ డన్. గది వదిలే ముందు రూల్ ప్రకారం కీబోర్డ్..."

"మీరే వచ్చి తుడుచుకోండి సార్" అని ఇయర్‌పీస్ పీకేసింది.