దానియేలు చెప్పని సాక్ష్యం

ఆదివారం పొద్దున్నే దానియేలు తనలో తానే మాట్లాడుకుంటూ ఇల్లంతా తిరుగుతున్నాడు. తెల్ల చొక్కా ఇస్త్రీ చేసుకున్నాడు, అద్దం ముందు నిలబడి గొంతు సవరించుకున్నాడు. పొయ్యి దగ్గర ఉప్మా కలుపుతున్న భార్య వనజకు నవ్వు ఆగలేదు.

"పిల్లను చూడనీకి పోతున్నట్టున్నవ్," అంది.

"నవ్వు, నవ్వు. ఇయ్యాల చర్చిల సాక్ష్యం చెప్పాలె. పాస్టర్ గారికి నిన్ననే చెప్పి పెట్టిన. దేవుడు చేసిన మేలు నలుగుట్ల చెప్పకపోతే ఎట్ల?"

ఆ మేలేమిటో జనగామలో వాళ్ళ వాడకంతా తెలుసు. స్టేషన్ రోడ్డులో ఉపేందర్ సేటు కార్డుల దుకాణంలో దానియేలు పెళ్ళికి ముందు నుంచీ అచ్చు పని చేస్తున్నాడు. ఒకప్పుడు డిసెంబరు వచ్చిందంటే క్రిస్మస్, కొత్త సంవత్సరం కార్డులతో ఊపిరాడేది కాదు. ఇప్పుడు శుభాకాంక్షలన్నీ ఫోన్లలో ఉత్తపుణ్యానికి వచ్చి పడుతున్నాయి. పైగా పత్తికి ధర లేదు, బజారులో గిరాకీ లేదు. పెళ్ళి చేసేవాళ్ళు కూడా దగ్గరి చుట్టాలకు సరిపడా కార్డులే కొట్టించుకుంటున్నారు. దసరా వెళ్ళాక సేటు తన ఇద్దరు పనివాళ్ళనూ కూర్చోబెట్టుకుని, కొత్త సంవత్సరం నుంచి ఒక్కరినే ఉంచుకోగలనని చెప్పేశాడు. గ్రీటింగులు దానియేలువి, పెళ్ళి కార్డులు ముత్యంవి. ఎవరి పని నడిస్తే వాళ్ళుంటారన్నాడు.

అప్పటి నుంచి దానియేలుకు ముద్ద దిగలేదు. తెల్లవారుజామునే లేచి మోకాళ్ళ మీద ప్రార్థన. అంతలో కొత్తగూడ, టేకుమట్ల వైపు ప్రార్థన మందిరాల నుంచి క్రిస్మస్ కార్డులకు వరసగా ఆర్డర్లు వచ్చాయి. ఫోన్లోనే చెప్పారు, డబ్బు ముందే పంపారు. నిన్న సాయంత్రం సేటు దానియేలు భుజం తట్టి, "నువ్వే ఉంటవ్" అన్నాడు. దేవుడు మొర విన్నాడని దానియేలు దారి పొడుగునా కళ్ళు తుడుచుకుంటూ ఇంటికి వచ్చాడు.

సేటు నిన్నన్న మాట తెలియని మనిషి ఇంట్లో ఒక్క రజనే. భూపాలపల్లిలో ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పే కూతురు ఆమె. సెలవుకని రాత్రి బస్సు దిగి వచ్చి పడుకుంది. ఇప్పుడే లేచి, తండ్రి సాక్ష్యం సంగతి విని, గడప మీద అలాగే కూలబడింది.

"నాయినా, సాక్ష్యం చెప్పకు," అంది.

"ఎందుకు బిడ్డ?"

"గా ఆర్డర్లు దేవుడు పంపలే. నేను పంపిన."

దానియేలుకు అర్థం కాలేదు. రజని తల వంచుకుని చెప్పుకుపోయింది. బళ్ళో తనతో పనిచేసే సాంసన్ సారుతో ఫోన్లు చేయించింది. స్కూటీకని దాచుకున్న పైసలు కట్టింది. ఆ ఊళ్ళకు తానే చేరవేస్తానని చెప్పి సాంసన్ సారు తన చిరునామాకే తెప్పించిన కార్డులన్నీ భూపాలపల్లిలో రజని గదిలో, మంచం కింద ఉన్నాయి.

దానియేలు వచ్చి బిడ్డ పక్కనే గడప మీద కూర్చున్నాడు. తరువాత మెల్లగా అన్నాడు.

"కొత్తగూడోళ్ళు అడవిల ఉండి గూడ కార్డు మీద పానం పెట్టుకున్నరనుకున్న. వాళ్ళ కోసమని మంచి వాక్యం ఏరి పెట్టిన. సంబురంగ కొట్టిన. అంత ఉత్తదేనా?"

"నువ్వు తింటలేవని అవ్వ ఫోన్ల ఏడ్చింది నాయినా. నాకు ఇంకేం తోచలే," అంటూ రజని తల్లి వైపు చూసింది.

వనజ గరిటె పట్టుకునే మధ్యలోకి వచ్చింది. "అయిందేదో అయింది. పిల్ల ఏం దొంగతనం చెయ్యలే. నీ నౌకరి నిలబెట్టింది. సాక్ష్యం చెప్పకు, ఊకె కూసోని ప్రార్థన చేసుకొని రా. ఎవలకు తెలుస్తది?"

"ముత్యమన్నను కొత్త సంవత్సరం నుంచి రావద్దన్నడు సేటు. నిన్ననే," అన్నాడు దానియేలు.

రజని చటుక్కున తలెత్తింది. "ముత్యం మామనా? ఎందుకు? ఆర్డర్లుంటె ఇద్దరు ఉంటరనుకున్న."

ఇద్దరిలో ఒకరే ఉంటారన్న మాట తల్లి ఫోన్లో చెప్పలేదు. బిడ్డ పరేషాన్ అవుతుందని సగం చెప్పి సగం దాచింది. ఆ సగమే ఇప్పుడు ఎదురు తిరిగింది. అయినా ఆమె తగ్గలేదు. "మనిల్లు ఎట్ల నడుస్తది? గది చెప్పు ముందు."

"ముత్యమన్న ఇల్లు ఎట్ల నడుస్తదో నువ్వు చెప్పు. వదినెకు పానం బాగలేదని దవాఖానల చుట్టు తిరుగుతున్నడు. రేపు బజార్ల ఎదురైతె ఏం మొఖం పెట్టుకొని పలకరించాలె?"

దానియేలు చెప్పులేసుకుని బయటికి నడిచాడు. రజని చున్నీ సర్దుకుంటూ వెనకే పరుగెత్తింది.

ఉపేందర్ సేటు దుకాణం పై అంతస్తులోనే ఉంటాడు. టీ తాగుతూ అంతా విన్నాడు. తప్పు తనదేనని రజని చేతులు జోడిస్తుంటే వద్దన్నాడు.

"నువ్వు చెప్పకుంటే నాకు తెల్వకపోవు గదా దానియేలు," అన్నాడు చివరికి.

"తెల్వకపోవు సేటు. నాకు తెలుసు గదా. ముత్యమన్నను పిలువు. ముంగట పెండ్లిళ్ళ దినాలు, గా కార్డులే జర నడుస్తయి."

సేటు కప్పు కింద పెట్టాడు. ఇద్దరినీ ఉంచుకోలేని తన చేతగానితనం అతని ముఖంలో కనిపించింది. అక్కడే ముత్యంకు ఫోన్ చేసి, కొత్త సంవత్సరంలోనూ పనికి రమ్మన్నాడు. అవతల ముత్యం ఏమన్నాడో తండ్రీకూతుళ్ళకు వినిపించలేదు. దానియేలును నెలాఖరు దాకా ఉండమని, ఇంకెక్కడైనా పని ఉంటే తానే వాకబు చేస్తానని సేటు చెప్పాడు.

మెట్లు దిగి రోడ్డు మీదికి రాగానే రజనికి దుఃఖం ఆగలేదు. "నేనే పోగొట్టిన నాయినా నీ నౌకరి."

"నువ్వు పోగొట్టలే బిడ్డ. పొయ్యేది ఎట్లనన్న పోతుండె. నువ్వు ఆప చూసినవ్, గంతే."

ఎదురుగా వనజ వస్తోంది. ఇంట్లో ఉండలేక బైబిలు చంకలో పెట్టుకుని బయల్దేరింది. భర్త ముఖం చూడగానే తెలిసిపోయింది. "ముత్యమన్నను పిలిచిండ్రా?" అని మాత్రం అడిగింది. పిలిచారన్నాడు. కొంగుతో కళ్ళొత్తుకుని, "మానుకోటల మా తమ్ముడు ఫ్లెక్సీల దుకాణంల మనిషి కావాలన్నడు. పొద్దుగాల రైలుకు పోయి పొద్దుమీకి రావొచ్చు. అడుగుత," అంది.

"నాకు కంప్యూటర్ సరిగ రాదే."

"నేర్చుకుంటవ్."

ముగ్గురూ నడుస్తుంటే రజని భయంభయంగా అడిగింది. "గా కార్డులు ఏం చెయ్యాలె నాయినా?"

దానియేలు ఆగిపోయాడు. ఏదో తట్టినట్టు నవ్వాడు. "గిన్నేండ్ల సంది మందికి శుభాకాంక్షలు కొట్టిన. నా పేరు మీద ఒక్క కార్డు రాలే బిడ్డ. ఇప్పుడు చూస్తె నువ్వు మంచం కింద పట్టనన్ని పంపినవ్. అన్ని నేనే కొట్టుకున్న, నాకే ఎరుక లేదు."

నవ్వుతూనే అతని కళ్ళు నిండిపోయాయి. రజని నడిరోడ్డు మీదే తండ్రి భుజం మీద తల పెట్టి ఏడ్చింది. అతను ఊరుకోమనలేదు, ఇస్త్రీ చొక్కా నలిగిపోతోందని చూసుకోనూ లేదు. కాసేపటికి వనజ ఇద్దరినీ కదిలించింది. ఆరాధన అప్పటికే మొదలైంది. ముగ్గురూ చర్చిలోకి వెళ్ళి చివరి వరసలో కూర్చున్నారు.