తాళానికి చెవి

రాజమండ్రి దానవాయిపేటలో కాశింబి తాళాల కొట్టు తెరిచి ఆ రోజుకి పదకొండు రోజులు. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అని పెద్దలు ఊరుకున్నారు గానీ, 2081లో బతికి ఉంటే తాళాల కొట్టు పెట్టి చూడు అని కూడా చేర్చేవారు. మూడేళ్ల శిష్యరికం, పోలీసుల నడవడి పత్రం, పూచీ పడే ఇరుగుపొరుగు ఇద్దరు, సర్కారు నంబరు చెక్కిన పనిముట్లు. ఇవన్నీ అయ్యాక పరీక్ష. కాశింబి రెండుసార్లు తప్పి మూడోసారి గట్టెక్కింది. అప్పటికీ చేతికొచ్చింది ఆర్నెల్ల తాత్కాలిక లైసెన్సే. ఈలోగా సమ్మతి లేకుండా ఒక్క తలుపు తీసినా అది రద్దవుతుంది, మళ్లీ ఈ జన్మలో రాదు.

నియమాల్లో ఆమెకి మింగుడుపడనిది ఒకటుంది. తాళాల పనివాళ్లు ఎవరి గుమ్మంలోనూ "వెళ్లొస్తా" అనకూడదు. "పోతున్నానండీ" అనాలి. ఆ మాట వినగానే ఎంతటి మర్యాదస్తులైనా మొహం చిట్లించేవారు.

దానికి కారణం చెవితాళం. పూర్వం తాళానికి చెవి విడిగా ఉండేది. జనం దాన్ని జేబులో వేసుకుని తిరిగి, ఎక్కడో పారేసుకుని, ఇల్లంతా వెతుక్కునేవారు. తర్వాత అంకెలొచ్చాయి, వేలిముద్రలొచ్చాయి. దొంగలు వాటినీ వదల్లేదు. అప్పుడు వచ్చింది శ్రవణతాళం. చెవి మళ్లీ తాళానికే వచ్చి చేరింది కాబట్టి జనం దాన్ని చెవితాళం అన్నారు. బయల్దేరే మనిషి గడియ మీద చెయ్యి వేసి "వెళ్లొస్తా" అంటే, ఆ మాట కంపనం ఎముకల గుండా లోపలి సెన్సర్‌కి చేరుతుంది. గొంతునైతే అనుకరించవచ్చు గానీ, ఎముకలో మోగిన మాటని ఎవరూ అనుకరించలేరు. లోపల మనిషి ఉంటే వాళ్లు బదులుగా అనే "వెళ్లిరా" కూడా తీసుకుని, రెంటినీ కలిపి ఆ పూటకి పునరాగమన సంకేతం, అంటే రిటర్న్ కోడ్, తయారుచేసుకుంటుంది. తిరిగొచ్చి గడియ పట్టుకుంటే తలుపు తీస్తుంది, తాళాల పనివాళ్లకైనా సరే. ఎవరికీ కొత్తగా ఏమీ నేర్పనక్కర్లేకపోయింది. తెలుగిళ్లలో ఎటూ అనుకునే మాటలే కదా.

మధ్యాహ్నం ఒంటిగంటకి ఫోన్ వచ్చింది. పిలిచినావిడ డాక్టర్ సౌదామిని, ఆ తాళాన్ని కనిపెట్టిన మనిషి! కాశింబి పనిముట్ల సంచీ భుజాన వేసుకుని రెండు వీధులు పరుగులాంటి నడకతో వెళ్లింది.

సౌదామిని గుమ్మం ముందు మందుల సంచీతో నిలబడి ఉంది. అరవై ఏళ్లుంటాయి, నుదురంతా చెమట.

"కంపెనీవాళ్లని పిలవలేదాండీ?" అంది కాశింబి.

"పిలిస్తే రేపటికి పేపర్లో వేస్తారు, కనిపెట్టినావిడే బయట నిలబడిందని. లోపల మా ఆయన ఉన్నారమ్మా. నాలుగేళ్లుగా మంచం మీదే. రెండింటికల్లా మందు పడాలి. డ్రిల్లు తెచ్చావా? కోసెయ్."

"కాయితాలు చూపించండి. తాళాన్ని కూడా ఓ మాట అడగాలండి."

కాగితాలు సరిగానే ఉన్నాయి, సహయజమాని భర్త రఘుపతి. కాశింబి తన లైసెన్సు ముద్ర తాళానికి ఆనించింది.

"తలుపు ఎందుకు తియ్యలేదు?"

"మాట కుదరలేదు" అంది తాళం.

"ఎవరి మాట?"

"ఇంటి మాట బయటివారికి చెప్పను. యజమాని ఒప్పుకుంటే చిట్టా చూపిస్తాను."

కాశింబి సౌదామిని వైపు తిరిగింది. ఆవిడ మొహం పాలిపోయింది.

"చిట్టా వద్దు" అంది. "కోసెయ్."

"తాళం కాదన్నాక కారణం రాయకుండా కోస్తే నా లైసెన్సు పోద్దండి. మూడేళ్లు పడ్డానండి దీని కోసం."

సౌదామిని మెట్టు మీద కూలబడింది. మెల్లగా అంది. "దీంట్లో ఇంకోటి పెట్టాలనుకున్నానమ్మా. సంకల్ప పరీక్ష. వెళ్లొస్తా అన్న మనిషికి నిజంగా తిరిగి రావాలని ఉందా లేదా, గొంతు వణుకుని బట్టి పట్టుకునేది. అది వద్దు, తీసేశామన్నారు కంపెనీవాళ్లు. తీశారో లేదో నేను చూడలేదు."

"అయితే?"

"తియ్యలేదు. నా గుట్టు పట్టేసింది." ఆవిడ మందుల సంచీ ఒళ్లో పెట్టుకుంది. "మందుల షాపు పక్క వీధిలోనే ఉంది. అయినా రోజూ గోదావరి గట్టు దాకా చుట్టు తిరిగి వస్తాను. ఇవాళ బల్ల మీద కూర్చుండిపోయాను. లేవబుద్ధి కాలేదు. ఈ ఇంటికి రావాలని లేదమ్మా నాకు. నాలుగేళ్లుగా లేదు. వెళ్లొస్తానని రోజూ అబద్ధం చెబుతున్నాను."

కాశింబికి జాలేసింది. పరీక్షలో ఇలాంటి ప్రశ్న రాలేదు. అయితే ఆమెకి శిష్యరికం నేర్పిన మావయ్య మౌలాలీ ఒక మాట అంటుండేవాడు, తాళాన్ని చూడకుండా తాళం గురించి ఏమీ అనుకోవద్దని.

"ఓసారి చూద్దామండి. మీ ఎదురుగానే. టైమవుతోంది."

సౌదామిని తల దించుకునే ఊ అంది. తలుపు మీద అక్షరాలు వెలిగాయి. కాశింబి పైకే చదివింది.

"బయల్దేరిన మాట: వెళ్లొస్తానండీ. సరిపోయింది. సంకల్ప పరీక్ష: ఈ తాళంలో లేదు."

సౌదామిని చప్పున తలెత్తింది.

"లోపలి మాట: వెళ్లు. సరిపోలేదు."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టయింది ఆవిడ పని. తాళం ఆవిణ్ణి ఏమీ అనలేదు. దానికి ఉన్నది చెవే గాని మనసు కాదు.

"వెళ్లు అన్నారా? హడావుడిలో నేను వినిపించుకోనేలేదు" అంది సౌదామిని నమ్మలేనట్టు. "ముప్ఫై ఏళ్లలో ఆయన ఎప్పుడూ వెళ్లిరా అనే అన్నారు. ఎవరైనా వెళ్లు అంటారా?"

లోపలున్నాయన సహయజమాని. ఆయన సమ్మతి చెల్లుతుంది. కాశింబి తలుపు దగ్గరికి వంగింది. "రఘుపతిగారూ! తాళాల కాశింబినండి. అమ్మగారు బయట ఉన్నారు. రమ్మని ఒక్క మాటనండి, చాలు."

తాళంలోంచి బలహీనమైన గొంతు వినిపించింది.

"వద్దమ్మా. నేను తెలిసే అన్నాను. ఈవిడ నన్ను వదిలి వెళ్లదు, వెళ్లమని ఎవరూ చెప్పరు. తాళమైనా బయటే ఆపుతుందేమోనని. అంబులెన్సుకి మూడింటికి రమ్మని చెప్పుకున్నాను, ఆస్పత్రిలో పడుంటాను."

సౌదామిని చివాలున లేచి తలుపుకి నుదురు ఆనించింది. "ఇప్పుడు నేనన్నదంతా విన్నారా?"

"చెవితాళం కదుటే. అంతా వినపడింది."

కాశింబి సంచీ పట్టుకుని పక్కకి జరిగింది.

"ఆ మాటేదో నాలుగేళ్ల కిందటే అనొచ్చుగా" అంది లోపలి గొంతు. "ఆస్పత్రివాళ్లు మర నర్సుని పంపిస్తే, మా ఆయన్ని నేనే చూసుకుంటానని తిప్పి పంపింది నువ్వే. మహా ఇల్లాలివని ఊరంతా మెచ్చుకుంటుంటే నేను నోరెత్తలేకపోయాను. దాన్ని రేపే తెప్పించు. ఆ గట్టు మీద సాయంత్రం దాకా కూర్చో."

"కూర్చుంటాను" అంది సౌదామిని ఏడుస్తూ. "ఇప్పుడు మాత్రం రానివ్వండి."

"నిజంగా రావాలనుందా?"

ఆవిడ ఒక్క క్షణం ఆలోచించింది. "ఈ పూటకి ఉంది."

"అయితే రా."

గడియ టక్కుమంది.

రెండింటికి ఇంకా పది నిమిషాలుంది. లోపల రఘుపతి అంబులెన్సు వద్దని ఫోన్లో చెబుతున్నారు. కాశింబి గుమ్మంలోనే నిలబడి చిట్టా పుస్తకం తీసింది. 'తాళం తెరవకపోవడానికి కారణం' అన్న గడిలో "తాళం లోపం లేదు. ఇంట్లోవాళ్లు మాట్లాడుకోలేదు" అని రాసి ముద్ర వేసింది.

"పోతున్నానండీ" అంది నియమం ప్రకారం.

లోపల్నించి మొగుడూ పెళ్లాలిద్దరూ ఒక్కసారే కసిరారు.

"అదేం మాటమ్మా! వెళ్లొస్తానని చెప్పు!"