తుమ్మల కాడ మెత్త

వాన కాస్త తెరిపి ఇచ్చిన ఆ పొద్దున పద్మలత పెరట్లోకి వచ్చి దండెం మీది దిండును కట్టెతో ఒత్తి చూసింది. ఇంకా నీళ్ళు కారుతున్నాయి. మొన్న డ్రమ్ములో సర్ఫు నీళ్ళు పోసి తొక్కి తొక్కి ఉతికింది కానీ, బూరుగు దూది దిండును అలా నీళ్ళలో ముంచకూడదని ఆమెకెవరూ చెప్పలేదు. లోపలి దూదంతా ఉండలు కట్టి, ఒక మూల రాయిలా, ఇంకో మూల ఖాళీ సంచిలా తయారైంది. దానికి తోడు ముక్కిపోయిన వాసన.

అది ఆమె మామ కొమురయ్య దిండు, వాళ్ళ మాటలో మెత్త. భూపాలపల్లి బొగ్గుబాయిలో ఏళ్ళ తరబడి పనిచేసి రిటైరైన మనిషి ఆయన. ఉద్యోగం కొడుకు ఐలేశ్‌కు వచ్చింది, దగ్గు మాత్రం ఆయన దగ్గరే ఉండిపోయింది. ఈ వానలకు అది బాగా ముదిరితే ఐలేశ్ వరంగల్ దవాఖానలో చేర్పించి తనూ అక్కడే ఉన్నాడు. ఇవాళ తీసుకొస్తున్నాడు.

"డాక్టర్ ఒక్కటే చెప్పిండు పద్మా," అన్నాడు నిన్న ఫోన్లో. "బాపు పాత మెత్త, బొంత తీసెయ్యాల్నట. ఎన్నేండ్ల దుమ్మో ఉంటది, కంటికి కనవడని పురుగులుంటయట అండ్ల. కొత్తది తెచ్చి, గలీబులు వేడినీళ్ళల్ల ఉతికి ఎండెయ్యాలె. మెత్తను గూడ అప్పుడప్పుడు మార్చుకుంటనే ఉండాల్నట."

"నేను ఎప్పటిసంది మొత్తుకుంటున్న?" అంది పద్మలత.

మొత్తుకున్న మాట నిజమే. పెళ్ళయి వచ్చిన నాటి నుంచీ ఆ దిండంటే ఆమెకు చీదర. తలనూనె జిడ్డు, తెమడ మరకలు. దాని గలీబును చేత్తో ముట్టుకునేది కాదు. కట్టెతో ఎత్తి, తమ బట్టల్లో కలవకుండా విడిగా ఉతికేది. కొమురయ్య ఎదురుగా కూర్చుని ఉన్నా అలాగే ఎత్తేది. ఆయన ఏమీ అనేవాడు కాదు. అనడు గదా అనే ధైర్యం ఒకటి.

నిన్న సాయంత్రమే బజారుకు పోయి రెండు కొత్త దిండ్లు తెచ్చింది. ఇక పాతదాన్ని వదిలించుకోవాలి. చెత్త బండి అతను దిండునూ బొంతనూ చూసి తల అడ్డంగా ఊపాడు. "మెత్తలు, బొంతలు బండిల ఎయ్యద్దక్కా." ఇంట్లో ఇంకో గంట కూడా ఉంచుకోవాలనిపించలేదు ఆమెకు. రెంటినీ దుప్పట్లో మూటగట్టి, స్కూటీ మీద పెట్టుకుని, క్వార్టర్లు దాటాక రోడ్డు వంపులో ఉన్న తుమ్మ చెట్ల కింద మూట విప్పి పడేసి వచ్చింది.

ఆ చోటు ఎలాంటిదో తెలియదా అంటే, తెలుసు. చచ్చిపోయిన వాళ్ళ పక్కబట్టలు వేసేది అక్కడే. అత్త పోయినప్పుడు ఆమె చాపా దిండూ ఐలేశ్ అక్కడే వేసి, వెనక్కి చూడకుండా వచ్చాడు. ఊపిరి ఉన్న మనిషి పడకను అక్కడ వేయకూడదని ఈ చుట్టుపక్కల ఎవరికీ వేరే చెప్పనక్కర్లేదు. కానీ పొద్దున్నే ఎవరు చూస్తారులే అనుకుంది. పొయ్యి మీద అన్నం ఉంది, కూతురు వర్షకు కాలేజీ వేళవుతోంది, వేరే చోటు ఎక్కడ వెతుక్కుంటాం అనుకుంది. సాకులు కావాలే గానీ మనసు ఎన్నయినా అందిస్తుంది. తిరిగొస్తుంటే నోటికి పాట కూడా వచ్చింది.

మధ్యాహ్నం మామ గదిలో కొత్త గలీబులు తొడుగుతుండగా వీధి మొగలో ఏడుపు వినిపించింది. ఎవరింట్లోనో అనుకుంది. ఆ ఏడుపు దగ్గరికొచ్చి, వాళ్ళ గేటు తోసుకుని లోపలికి వచ్చింది. చిట్యాల నుంచి మామ చెల్లెలు గట్టమ్మ. కొంగు నేల మీద జారుతోంది.

"ఓ అన్నా... చెల్లెకు ఒక్క మాటన్న చెప్పకపోతివి అన్నా..."

పద్మలత చేతిలో దిండు అలాగే ఉండిపోయింది. మామ పోయాడా? ఐలేశ్ తనకు చెప్పకుండా మేనత్తకు చెప్పాడా? ఆ వెంటనే ఇంకో ఆలోచన వచ్చింది. నేను తుమ్మల కింద వేసొచ్చాను, ఆయన అక్కడ పోయాడు. ఫోను అందుకునేలోపే గట్టమ్మ వచ్చి మీద పడింది. అప్పటికే ఇరుగు పొరుగు వాకిట్లో చేరారు.

గట్టమ్మ మెడ పట్టుకుని ఏడుస్తుంటే, పద్మలత కూడా ఏడ్చింది. అది ఏడుపు కాదు, భయం. ఆ భయం నడుమనే గేటు ముందు ఆటో ఆగింది. ఐలేశ్ దిగి చెయ్యి అందిస్తే, మఫ్లరు చుట్టుకున్న కొమురయ్య మెల్లగా కిందికి దిగాడు.

ఏడుపు ఎక్కడిదక్కడ ఆగిపోయింది.

"ఎవలకేమైందే గట్టవ్వా?" అన్నాడు ఆయన.

జవాబు చెప్పింది పక్కింటి చిలుకమ్మ. "నీ మెత్త, బొంత తుమ్మల కాడ కనవడ్డయే అన్నా. నీ గళ్ళ లుంగీ గలీబు నాకెరుకే గద. ఇంట్ల సప్పుడు లేకపాయె. శవం ఇంక వరంగల్ల ఉన్నదేమో, వీళ్ళు ముందుగాల పక్కబట్టలు ఏసిన్రేమో అనుకున్న. గట్టక్కకు ఫోన్ చేసిన."

ఐలేశ్ భార్య వైపు తిరిగాడు. "నువ్వేసినవా?"

"డాక్టరే పారెయ్యుమన్నడని నువ్వే గద చెప్పినవ్."

"తుమ్మల కాడ ఎయ్యుమన్నడా డాక్టర్?"

వాకిట్లో ఉన్నవాళ్ళు ఒకరి వెనక ఒకరు జారుకున్నారు. చిలుకమ్మ అందరికంటే ముందు పోయింది.

గట్టమ్మ కళ్ళు తుడుచుకుని గొంతు పెంచింది. "మనిషి ఊపిరితోని ఉండంగనే పడక పారేసిన కోడల్ని నేనేడ సూడలే. ఇంక రెండు దినాలు ఆగితే మనిషిని గూడ ఏసొత్తుంటివా? నడువన్నా, మా ఇంటికి పోదాం."

"ఊకో గట్టవ్వా," అన్నాడు కొమురయ్య. గడప వైపు చూశాడు గానీ దాటలేదు. అరుగు అంచున కూర్చున్నాడు. పద్మలత లోపలికి ఉరికి కొత్త దిండ్లు రెండూ తెచ్చి చూపించింది. "నీకోసమే తెచ్చిన మామా. మంచిగ మెత్తగున్నయ్."

ఆయన ఒకదాన్ని వేలితో నొక్కి చూశాడు. "మంచిగున్నయ్. వర్షకియ్యి బిడ్డా." చెల్లెలి వైపు తిరిగాడు. "చిట్యాలకు బస్సున్నదా ఇప్పుడు?"

ఆయన అరిచి ఉంటే పద్మలతకు కాస్త నయంగా ఉండేది. ఐలేశ్ ఎంత బతిమాలినా ఆయన ఒకటే మాట అన్నాడు. "నా పడక లేచిపోయిన ఇంట్ల నేనేడ పండాల్రా? ఆటో పిలువు." మందులు ఎలా, మళ్ళీ వరంగల్ ఎవరు తీసుకుపోతారు అని అడిగితే చెయ్యి ఊపేశాడు. తిరిగి రాడని పద్మలతకు అర్థమైంది. ఇంటికొచ్చిన ముసలాయనను గడప దాటనివ్వనిది తానేనని కూడా అర్థమైంది. ఐలేశ్ మొహం తిప్పుకుని ఆటో కోసం వీధి చివరికి వెళ్ళాడు.

అంతలో దగ్గు మొదలైంది. ఆనుకోవడానికి వెనక గోడ కూడా లేని చోట ఆయన రెండు చేతులూ అరుగుకు ఆన్చి ఎగశ్వాసతో ఊగిపోతున్నాడు. గట్టమ్మ భుజం పట్టి వాల్చబోయింది. "జర పండుకో అన్నా."

"పండవెట్టకత్తమ్మా, ఊపిరాడదు." పద్మలత ఒక్క అంగలో దగ్గరికి వచ్చి చేతులు చాచి, అక్కడే ఆగిపోయింది. ఇన్నేళ్ళలో ఆమె మామకు సమానంగా కూర్చున్నది లేదు, ముట్టుకున్నది అసలే లేదు. ఎట్లా పట్టుకోవాలి? ఇంకో దగ్గు తెర వచ్చి ఆయన వెనక్కి ఒరిగిపోతుంటే, ఆమె గిరుక్కున తిరిగి అరుగు మీద కూర్చుని తన వీపును ఆయన వీపుకు ఆన్చింది.

"ఆనుకో మామా."

ఆయన బిగుసుకుపోయాడు. కానీ దగ్గు ఊరుకోలేదు. మనిషి మొత్తం ఆమె మీదికి వచ్చేశాడు. పద్మలత మోకాళ్ళు దగ్గరికి తీసుకుని, అరికాళ్ళు అరుగుకు గట్టిగా తన్నిపట్టింది. తలుపు అవతలి నుంచి ఏళ్ళ తరబడి విసుగ్గా విన్న దగ్గు ఇప్పుడు ఆమె పక్కటెముకల్లోంచి పోతోంది. అది ఎంత లోతు నుంచి వస్తుందో ఆమెకు అప్పుడు తెలిసింది. ఎంత బక్కచిక్కిపోయాడో కూడా.

గట్టమ్మ నీళ్ళు తాగించింది. ఊపిరి కుదురుకున్నాక ఆయన వీధిలోకి చూస్తూ అడిగాడు. "బిడ్డా, ఒకటడుగుత. అబద్ధమాడకు. మెత్త ఏసొచ్చినంక నీకేమనిపించింది?"

ఏమీ అనిపించలేదని చెప్పొచ్చు. ఆయన ఎదురుగా ఉంటే అలాగే చెప్పేది. ఆమె కళ్ళ ముందు తమ తలుపు మాత్రమే ఉంది.

"నిమ్మలమనిపించింది మామా," అంది. "ఇంక ఆ వాసన ఉండదనుకున్న. దగ్గు సప్పుడుండదనుకున్న. నువ్వుండవని అనుకోలే. అనుకోలేదనే నాకు నేను చెప్పుకుంటున్న. కని నిమ్మలమైతే అయింది." మోకాళ్ళను ఇంకా దగ్గరికి లాక్కుంది. "అత్తమ్మ ఏడుసుకుంట వస్తే, నేనే సంపిననుకున్న."

గట్టమ్మ ఏదో అనబోతే కొమురయ్య చేత్తో వారించాడు.

"మెత్త తుమ్మల కాడికి ఇయ్యాల పోలే బిడ్డా," అన్నాడు. "నువ్వు గలీబును కట్టెతోని ఎత్తిన దినమే పోయింది. నేనే ఉతుక్కుందామని సూసేది. వంగుతే ఆయాసమొచ్చేది."

పద్మలత మొహం మోకాళ్ళలో దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఆ కుదుపు ఆయన వీపుకు తగులుతోందని తెలిసినా ఆపుకోలేకపోయింది. "ఇంక చేత్తోనే ఉతుకుత మామా. నువ్వు లోపటికి రా. రాకుంటే నేను ఆ ఇంట్ల ఎట్ల పండుకోవాలె?"

ఆటో వచ్చి ఆగింది. ఐలేశ్ దిగి, వీపుకు వీపు ఆన్చుకుని కూర్చున్న తండ్రినీ భార్యనూ చూసి గేటు దగ్గరే నిలబడిపోయాడు. గట్టమ్మ తన సంచి చేతిలోకి తీసుకుంది.

"లే అన్నా, ఆటో వచ్చింది."

కొమురయ్య లేవలేదు. "బిడ్డా, బరువైతున్ననా?" అన్నాడు వెనక్కి.

"లేదు మామా. ఇంక జర ఎనుకకు రా."

ఆయన ఆటో వైపు చూడలేదు. తల కూడా మెల్లగా ఆమె భుజం మీదికి వాల్చి కళ్ళు మూసుకున్నాడు.