ఖర్జూరపు పొగ లాగర్

శుక్రవారం మధ్యాహ్నం మూడున్నరకి, నర్సు యూనిఫారమ్‌లోనే పరుగెత్తుకొచ్చిన హెప్సీ కుర్చీ చూపించినా కూర్చోలేదు. బ్యాగు పట్టీని మెలిపెడుతూ, గోడ గడియారం వైపే చూస్తూ నిలబడింది.

"ఆరింటికల్లా మావారి వీసా రద్దు కాయితం మీద సంతకం పెట్టేస్తానంటున్నాడండి హోటల్ ముదీర్, అదే మేనేజరు. ఆయన ఏ తప్పూ చెయ్యలేదండి."

అబూధాబీ శివార్లలోని ముసఫాలో ఆ చిన్న నేర పరిశోధన సంస్థ నడిపే చాముండేశ్వరి అంతకుముందు పదిహేనేళ్లు దుబాయ్ జెబెల్ అలీలో ఆహార నాణ్యత ల్యాబ్‌లో పనిచేసింది. జీవితంలో మద్యం చుక్క ముట్టలేదు. ఆమె సహాయకుడు రత్నబాబు ఒకప్పటి టాక్సీ డ్రైవరు. మేడమ్ ఏదైనా సీసా మూత తీసి ఒక్కసారి వాసన చూసి ఊరుకుంటే, ఆ ఊరుకోవడంలో కూడా ఏదో అర్థం ఉంటుందని నమ్మే మనిషి.

హెప్సీ గుక్క తిప్పుకోకుండా చెప్పింది. ఆమె భర్త ఐజక్ అబూధాబీలో ఒక హోటల్‌లో బీరు తయారుచేస్తాడు. ఖర్జూరపు మట్టల పొగ పట్టించిన బార్లీతో కొత్త రకం లాగర్ బీరు చేసి, అదే హోటల్‌లో జరుగుతున్న పోటీకి పెట్టాడు. పొద్దున మొదటి రుచి పరీక్షలో జడ్జీలు మెచ్చుకుని ఫైనల్‌కి పంపారు. మధ్యాహ్నం రెండున్నరకి అదే తయారీలోని ఇంకో మూడు సీసాలు తెరిచారు. ఒక గుక్క నోట్లో పోసుకోగానే ఉమ్మేశారు. ఐజక్ ఏదో పాడు సరుకు కలిపాడని ముదీర్ మండిపడుతున్నాడు.

"ఏం లోపమన్నారు?"

"అదే తెలీదండి. మార్కుల కాయితాలు సీలేసేశారంట, ఫలితం చెప్పేదాకా నోరిప్పరంట. మావారికే తెలీదు."

చాముండేశ్వరి అప్పటికే చెప్పులు తొడుక్కుంటోంది. "రత్నబాబూ, యల్లా."

దారి పొడవునా హెప్సీ ఫోన్ మోగుతూనే ఉంది. రత్నబాబు ఎర్ర దీపం పడ్డ ప్రతిచోటా స్టీరింగ్ మీద వేళ్లతో దరువు వేశాడు. హోటల్ చేరేసరికి నాలుగు దాటింది.

పోటీ ఏర్పాట్లు చూస్తున్న అజ్రా హైదరాబాదు అమ్మాయి. సీలు వేసిన పెట్టె తెరిచి చూపించింది. "జడ్జి తీసెయ్యమని చెయ్యి ఊపిండు, నేను వెంటనే మూతలు పెట్టేసి ఇందులో పెట్టిన మేడమ్. ముక్కు దగ్గర గూడ పెట్టుకోలే. హాల్లోకి బయటోళ్లు ఎవ్వరు రాలే."

అన్ని పోటీదారుల సీసాలూ గోధుమరంగువి. ఐజక్‌వి మాత్రం తెల్లగాజువి. వాటికి నల్లగుడ్డ సంచులు తొడిగి ఉన్నాయి. అవి హెప్సీ కుట్టినవే. ఒక సంచి తిరగేసి తొడిగారు, కుట్టు బయటికి కనబడుతోంది. చాముండేశ్వరి సంచులు తీసి తడిమింది. మూడూ పొడిగా ఉన్నాయి. లోపలి సీసాల మీది కాగితపు లేబుళ్లు మాత్రం నీళ్లలో నాని ఆరినట్టు ముడతలు పడ్డాయి.

"తెల్లసీసాలెందుకు?" అని ఐజక్‌ని అడిగింది.

"ఆ రాగి రంగు కనపడాలనండి. వెలుగు తగలకూడదనే సంచులు కుట్టించాను. నిన్న రాత్రి నా చేత్తోనే తొడిగాను."

"తిరగేసి తొడిగారా?"

"లేదండి. ముగ్గురు పిల్లలకి బట్టలు తొడిగే చెయ్యండి ఇది."

ఫ్రిజ్ గది చూసే అల్లాబకాష్‌ది కడప. వేడి రికార్డు చేసే కాగితం తెచ్చి చేతిలో పెట్టాడు. పొద్దుటి నుంచీ గీత చెక్కుచెదరలేదు. "నేను మధ్యాహ్నం జుమ్మా నమాజుకు పోయినప్పుడు తాళంచెవి ఆ మేకుకే తగిలించినా మేడమ్. రోజూ అట్లే చేస్తా. తిరిగొచ్చి నేనే సీసాలు హాల్లోకి మోసినా, చేతికి మంచులెక్క తగిలినాయి. ఆ సరుకు నేను వాసన గూడ చూడను."

చివరిగా ఆదిశేషు. నలభై అయిదు దాటిన మనిషి, రాజోలు వైపువాడు. బార్లీకి పొగ పెట్టేది, పిండి ఆడేది అతనే. జుమ్మా సమయంలో బార్లీ గదిలోనే ఉన్నానన్నాడు.

"ఐజక్ ఏదైనా కలిపి ఉంటాడా?"

"అంత పాడు బుద్ధి లేదండి కుర్రోడికి. పొగ ఎక్కువైపోయుంటదండి. అందుకే ఆ రబ్బరు కాలిన కంపు."

రత్నబాబు అది కూడా పుస్తకంలో రాసుకున్నాడు. రాసుకున్నాడే గాని, ముదీర్ మూడోసారి తలుపు తోసుకొచ్చి "టైమ్ ఖలాస్ అవుతోంది" అని గద్దించేసరికి అతని మనసు ఎక్కడా నిలవలేదు. గది ఈ మూల నుంచి ఆ మూలకి తిరిగాడు.

చాముండేశ్వరి ముఖ్య జడ్జి దగ్గరికి వెళ్లింది. బెల్జియం నుంచి వచ్చిన ఆ ముసలాయన మొదట నిబంధన అన్నాడు. ఒక మనిషి బతుకు పోతోందని ఆమె చెప్పాక గొంతు తగ్గించాడు. "పొగ చక్కగానే ఉంది. దాని మీద కాలిన రబ్బరు లాంటి కంపు. ఈ మాట మీకే మొదటిసారి చెబుతున్నాను. నా తోటి జడ్జీలు కూడా గది దాటి బయటికి రాలేదు."

ఆమె బయటికొచ్చి, ఐజక్ తన దగ్గర విడిగా ఉంచుకున్న రెండు సీసాలు అడిగింది. ఒకటి సంచిలోనే ఉంచి ఫ్రిజ్‌లో పెట్టించింది. రెండోదాన్ని ఐసు నింపిన బకెట్‌లో నిలబెట్టి, మేడ మీద ఎండలో పెట్టించింది. అరగంట. హెప్సీ పెదవులు కదుపుతూ ప్రార్థన చేసుకుంది. రత్నబాబు నాలుగుసార్లు మేడెక్కి దిగాడు.

అయిదూ ముప్పావుకి అందరూ హాల్లో చేరారు. చాముండేశ్వరి రెండు గ్లాసులు పోయించి జడ్జి ముందు పెట్టింది. ఆయన మొదటిది వాసన చూసి తల ఊపాడు. రెండోది ముక్కు దగ్గరికి వస్తూనే దూరంగా నెట్టేశాడు. "ఇదే. మధ్యాహ్నపు కంపు ఇదే."

"రెండూ ఒకే తయారీ," అందామె. "బీరులో చేదు కోసం వేసే హాప్స్ పువ్వుకి ఎండ పడదు. తెల్లగాజులో అయితే నిమిషాల్లో ఈ కంపు పుడుతుంది. గీత చెదరలేదు కాబట్టి సీసాలు ఫ్రిజ్ దాటలేదని మీరంతా అనుకున్నారు. ఆ గీత ఫ్రిజ్ సంగతి చెబుతుంది, సీసాల సంగతి కాదు. జుమ్మా సమయంలో ఒకరు మేకు మీది తాళంచెవి తీశారు. సంచులు విప్పి, సీసాలని ఐసునీళ్లలో ఎండకి పెట్టారు, వేడెక్కితే దొరికిపోతారని. లేబుళ్లు నానాయి. తర్వాత తుడిచి, ఆరాక సంచులు తొడిగారు. తొందరలో ఒకటి తిరగబడింది."

"ఎవరు?" అన్నాడు ముదీర్.

"ఆ కంపు ఏమిటో ముగ్గురు జడ్జీలకి తప్ప ఎవరికీ తెలియదు. ఐజక్‌కే తెలియదు. అయినా ఒకరు నాతో 'రబ్బరు కాలిన కంపు' అన్నారు. ముందే ఒక సీసా ఎండలో పెట్టి చూసుకున్నవాళ్లకి గాని ఆ మాట రాదు. కదండీ ఆదిశేషు గారూ?"

రత్నబాబు గబగబా పేజీలు తిప్పాడు. తన రాతలోనే ఉంది ఆ మాట.

ఆదిశేషు కాదనలేదు. తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "ఖర్జూరపు మట్టల పొగ నా ఆలోచనండి. కల్బా సముద్రతీరంలో చేపలకి అలా పొగెడతంటే చూసి, నెల రోజులు కళ్లు మండించుకుని నేర్చుకున్నాను. పోటీ కార్డు మీద ఐజక్ పేరు ఒక్కటే ఉంది. ఓడిపోతాడనుకున్నానుగాని, వీసా దాకా పోద్దనుకోలేదండి."

ఐజక్ అతని వైపు ఒక అడుగు వేశాడు. "నాతో ఒక్క మాట అనుంటే సరిపోయేది కదా అన్నా!"

"అన్నాను. రెండుసార్లు. రెండోసారి నువ్వు ఫోన్‌లో ఉన్నావు, చెయ్యి ఊపావు."

హెప్సీ భర్త వైపు చూసి తల దించుకుంది.

ముదీర్ వీసా కాగితం చింపేశాడు. పాడైన సీసాల మీద వచ్చిన ఫలితం మార్చడం కుదరదని, తప్పు తయారీది కాదని మాత్రం రాసిస్తానని జడ్జి చెప్పాడు. ఐజక్ ఆయన ముందున్న పోటీ కార్డు తీసుకుని, తన పేరు కింద ఆదిశేషు పేరు రాశాడు.

"ఇప్పుడిది దేనికీ పనికిరాదు," అన్నాడు జడ్జి మెల్లగా.

"తెలుసు సార్."

ఆదిశేషు అటు చూడలేదు. తన సామాన్లు సర్దుకోవడానికి బార్లీ గది వైపు వెళ్లాడు. నేరస్థుడు దొరికాక రత్నబాబుకి ఎప్పుడూ కడుపు నిండినట్టు ఉండేది. ఈసారి మాత్రం అతను తలుపు దగ్గర నిలబడి, వెళ్లి ఆ మనిషికి పెట్టె మొయ్యనా వద్దా అని తేల్చుకోలేక సతమతమయ్యాడు. చివరికి వెళ్లాడు.