పీటర్ పట్టుకున్న చెయ్యి

“లిల్లీ... ఓ లిల్లీ! కండ్లు తెరువు బిడ్డా. నీ పక్కన ఎవలుండాలె?”

డాక్టరమ్మ పిలుపుకు లిల్లీ కళ్ళు తెరిచింది. నడుముకు సూది వేసినప్పటి నుంచి కాళ్ళు తనవి కానట్టే ఉన్నాయి. నారాయణఖేడ్‌లోని ఈ చిన్న దవాఖానలో ఊడ్చి తుడిచే పిల్ల, ఇవాళ ఆపరేషన్ బల్ల మీద తనే పడుకుంది.

లీలమ్మ డాక్టరమ్మ కత్తి పట్టే ముందు కడుపు సంగతే కాదు, కాపురం సంగతీ అడిగేది. కంది కోతలుంటే ఆపరేషన్ వెనక్కి జరిపేది. చంటిపిల్ల ఉంటే వార్డులోనే ఊయల కట్టించేది. భయపడే వాళ్ళ పక్కన వాళ్ళు కోరిన మనిషిని నిలబెట్టేది.

“పీటర్,” అంది లిల్లీ మెల్లగా.

“అపెండిక్సు పోతున్నా సిగ్గు పోతలేదు పిల్లకు!” డాక్టరమ్మ నవ్వింది.

కంపౌండర్ పీటర్ వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. ఈ చెయ్యి కోసం లిల్లీ ఎంత ఏడ్చిందో! ఎండాకాలంలో, కంది కోతలు అయ్యాక, కంగ్టి ఊరి నుంచి సంతోషమ్మ ఆపరేషన్‌కు వచ్చింది. మొగుడు బొంబాయిలో కూలి. “నాకెవలు లేరమ్మా” అంటే డాక్టరమ్మ పీటర్‌నే నిలబెట్టింది. కుట్లు పడ్డాక కూడా ఆమె ఆ చెయ్యి వదల్లేదు. తలుపు సందులోంచి చూసిన లిల్లీ గుండెలో పచ్చిమిరపకాయలు నూరినట్టయింది. తర్వాత జ్వరమొచ్చి సంతోషమ్మ ఇక్కడే చనిపోయింది.

బయట ముసురు. ఉన్నట్టుండి కరెంటు పోయింది.

“పీటర్, జల్దీ పోయి జనరేటర్ పెట్టు!”

“పోతున్న మేడం.”

చెప్పుల చప్పుడు తలుపు దాటి, వరండాలో దూరమైపోయింది.

కానీ... చెయ్యి మాత్రం లిల్లీ చేతిలోనే ఉంది.

చల్లగా. సన్నగా. మట్టిగాజులు మణికట్టుకు తగిలాయి. డెట్టాలు వాసనను మింగేస్తూ తడిసిన కందిపొట్టు వాసన...

“పీటర్ చెయ్యి నాకిచ్చిండ్రు గద చెల్లె,” చెవిలో గుసగుస. “నువ్వెట్ల గుంజుకుంటవ్?”

లిల్లీ లాక్కోబోయింది. రాలేదు. పట్టు బిగిసింది... ఇంకా బిగిసింది.

“ఇడువు అక్కా...”

“ఏమని ప్రార్థన చేసినవో చెప్పు. ఇడుస్త.”

“నాడి పడిపోతుంది!” చీకట్లో డాక్టరమ్మ అరిచింది.

లైట్లు వెలిగాయి. గుమ్మంలో పీటర్. వానలో తడిసి, రెండు చేతులకూ డీజిల్ మరకలు. లిల్లీ పక్కన ఎవరూ లేరు. ఆమె వేళ్ళు మాత్రం నలిగి తెల్లబడుతూనే ఉన్నాయి. మణికట్టు మీద గుండ్రంగా గాజుల అచ్చులు.

“ఎవలతోని మాట్లాడుతున్నవ్ బిడ్డా?”

లిల్లీ పీటర్ వైపు చూసింది. ఈ మాట నోరు దాటితే అతను ఇక తన చెయ్యి ముట్టడు. కానీ ఊపిరి ఆడటం లేదు...

“నువ్వు సావాలని చర్చిల మోకాళ్ళేసి అడిగింది నేనే, సంతోషమ్మక్కా.”